పాత మాసీ లిఫ్టు వేడెక్కితే దిగిపోతోంది, పంపు మార్చాలా?

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం పక్క పల్లె. నాన్న కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు ఉంది, ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నాళ్లూ గొర్రుతోనే నడిచింది. ఈ ఎడగారుకు (రెండో పంటకు) దమ్ము, అంటే బురద దుక్కి, చేద్దామని సెకండ్ హ్యాండ్‌లో రోటావేటర్ (కత్తులు తిరుగుతూ మట్టిని చిలికే పనిముట్టు) తెచ్చాం. వెనక పనిముట్టును లేపే లిఫ్టు పొద్దున్నే బాగానే ఉంటుంది. పదకొండు దాటి ఆయిల్ వేడెక్కాక, లేపి పెట్టిన రోటావేటర్ గంగిరెద్దు తల ఊపినట్టు ఊగుతోంది. బండి ఆపితే రెండు మూడు నిమిషాల్లో నేలకు ఆనుతోంది. లేపడం మాత్రం ఇప్పటికీ లేపుతుంది, మధ్యాహ్నమైతే కాస్త రేసు (యాక్సిలరేటర్) ఇవ్వాలి. మేస్త్రీ చూసి పంపు పోయింది, 18,000 అవుతుంది అన్నాడు. నాన్నేమో 140 గేరు ఆయిల్ పోస్తే అదే నిలబడుతుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇంకో మాట. ట్రాలీని ఎత్తే జాకీ కూడా ఈ లిఫ్టు మీదే ఆధారం, దానికేమైనా అవుతుందా?

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే పంపు కొనొద్దు. 140 ఆయిలూ పోయొద్దు. ముందు నీ దగ్గరున్న టార్చి, స్పానర్లు, ఫోన్‌లోని గడియారంతో తేలే సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చూశాక పంపే అని తేలితే అప్పుడు కొందువు.

వాటికంటే ముందు ఒకటి చెప్పాలి. దమ్ము మధ్యలో రోటావేటర్ కత్తులకు గడ్డి, పాత నారు చుట్టుకుంటే, లిఫ్టు లేపి కిందికి దూరి కొడవలితో కోసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. రెండు నిమిషాల్లో నేలకు ఆనే లిఫ్టు కింద అసలు దూరకూడదు. బండి బాగుపడేదాకా కాదు, బాగుపడ్డాక కూడా. రోటావేటర్‌ని దించి, ఇంజిన్ ఆపి, పీటీవో (రోటావేటర్‌ని తిప్పే షాఫ్టు) గేరు తీసి పక్క నుంచి కోయాలి. పైకి లేపక తప్పదంటే రెండు వైపులా గట్టి మొద్దులు పెట్టి, బరువు వాటి మీద ఆనిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. నాన్నగారికి ఈ మాట నువ్వే చెప్పు.

ఇక రోగం సంగతి. లిఫ్టుకు రెండు పనులు. బరువును లేపడం ఒకటి, లేపినదాన్ని నిలబెట్టడం ఇంకొకటి. లేపేది పంపు. నిలబెట్టేది సిలిండర్, దాని పిస్టన్ మీది సీలు, నూనెను వెనక్కి పోనివ్వకుండా పట్టుకునే వాల్వులు, వీటిని కలిపే గొట్టాల ఓరింగులు (గుండ్రటి రబ్బరు రింగులు). ఇంజిన్ ఆపేశాక పంపు తిరగదు కదా. తిరగని పంపు కొత్తదైతేనేం, పాతదైతేనేం? ఆపిన బండి మీద రోటావేటర్ కిందికి వస్తోందంటే సిలిండర్‌లో బందీగా ఉండాల్సిన నూనె ఎక్కడినుంచో జారిపోతోంది. ఊగడం కూడా అదే జబ్బు. నూనె కొంచెం జారగానే రోటావేటర్‌ని మోసే లిఫ్టు చేతులు కొంచెం దిగుతాయి. దిగాయని లోపలి లింకులకు తెలిసి వాల్వు మళ్లీ తెరుచుకుంటుంది, పంపు మళ్లీ కొడుతుంది, చేతులు లేస్తాయి. మళ్లీ జారుతుంది. ఊగడం ఆగకుండా సాగుతోందంటే పంపు పని చేస్తూనే ఉందని లెక్క.

అట్లాగని మేస్త్రీ మాట పూర్తిగా కొట్టిపారేయను. మాసీలో పంపు ఇంజిన్ పక్కన బయట కనిపించేది కాదు. సీటు కింద, వెనక హౌసింగ్ (గేర్లుండే ఇనుప పెట్టె) లోపల, గేరు ఆయిల్‌లో మునిగి ఉంటుంది. ఫెర్గూసన్ పద్ధతి అది. నూనెను పంపులోకి రానిచ్చే కంట్రోల్ వాల్వు కూడా పంపుకే అతుక్కుని ఉంటుంది. ఆ వాల్వు అరిగినా, పంపు తలకాయలోని వాల్వులు సరిగ్గా మూసుకోకపోయినా బరువు నిలవదు. అంటే తప్పు పంపు అసెంబ్లీలో ఉండే అవకాశం ఉంది. కానీ చాలా పాత బండ్లలో ముందు పోయేది పిస్టన్ సీలు, ఓరింగులు. వాటి ఖర్చు పంపు ఖర్చులో చిన్న భాగం. చిన్నది చూడకుండా పెద్దది మార్చడం నాకు నచ్చదు. పైగా పంపు మార్చాక కూడా లిఫ్టు దిగిపోతే, అప్పుడు మేస్త్రీ మొహం ఎవరు చూడాలి?

నీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది రోటావేటర్. ఇన్నాళ్లూ ఈ బండి మోసింది గొర్రు. సైజును బట్టి రోటావేటర్ మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది, గొర్రు కంటే చాలా ఎక్కువ. దానికి తోడు దాని బరువు లింకుల నుంచి ఇంకా వెనక్కి ఉంటుంది కాబట్టి సిలిండర్ మీద పడే ఒత్తిడి కిలోల లెక్క కంటే పెరుగుతుంది. గొర్రు బరువుకు ఎట్లాగో పట్టుకున్న అరిగిన సీలు, ఈ ఒత్తిడికి తట్టుకోలేకపోవచ్చు. కాబట్టి మొదటి పరీక్ష ఇదే. మధ్యాహ్నం ఆయిల్ బాగా వేడెక్కినప్పుడు రోటావేటర్ తీసి గొర్రు తగిలించు. లేపి ఇంజిన్ ఆపి చూడు. గొర్రు కూడా నిమిషాల్లో దిగిపోతే లీకు పెద్దదే. గొర్రు అరగంట నిలిచి రోటావేటర్ నిలవకపోతే లీకు చిన్నది, బరువు పెరిగేసరికి బయటపడింది. రోటావేటర్ లేపి కాలువ గట్ల మీద గుంతల్లో వేగంగా నడిపితే ఒక్కో గుంతకూ సిలిండర్‌లో ఒత్తిడి ఒక్కసారిగా ఎగురుతుంది, సీలు ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. నిదానంగా పో.

ఇప్పుడు ఆయిల్ చూద్దాం. ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. బండిని చదునైన చోట ఆపి, లిఫ్టు దించి, ట్రాలీ జాకీ తగిలించి ఉంటే దాన్ని కూడా పూర్తిగా దించి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడాలి. జాకీ లేచి ఉంటే కొంత ఆయిల్ దానిలో ఉంటుంది, మట్టం తప్పు చూపిస్తుంది. మట్టం సరిపోయిందనుకుందాం. స్టిక్ మీది ఆయిల్ రంగు చూడు. తెల్లగా, చిక్కగా, పాలు విరిగినట్టు ఉంటే నీళ్లు కలిశాయి. దమ్ము చేసే బండికి ఇది చాలా మామూలు. ఇరుసు దాకా బురదలో దిగుతుంది. గేరు రాడ్డు దగ్గరి రబ్బరు బూటు చిరిగి ఉంటుంది. సాయంత్రం కాలువ గట్టున మోటారు పైపుతో జోరుగా కడుగుతాం. నీళ్లు లోపలికి పోవడానికి అంతకంటే ఏం కావాలి?

అనుమానంగా ఉంటే ఇట్లా చూడు. ఒక చెంచా ఆయిల్ తీసి, బాగా కాగిన ఇనుప పెనం మీద రెండు చుక్కలు వెయ్యి. నీళ్లుంటే చిటపటమంటుంది. నీళ్లు లేని ఆయిల్ ఊరికే పొగ వస్తుంది. మంటకు దూరంగా చెయ్యి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. నీళ్లు ఉన్నాయని తేలితే రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లవారాక అడుగున ఉన్న డ్రైన్ ప్లగ్‌ను పూర్తిగా తీయకుండా కొంచెం వదులు చెయ్యి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే కారతాయి. ఆయిల్‌లో పూర్తిగా కలిసిపోయిన నీళ్లు మాత్రం ఇట్లా విడిపోవు. అప్పుడు మొత్తం మార్చక తప్పదు. నీళ్లున్న ఆయిల్ పంపునూ సిలిండర్‌నూ తినేస్తుంది, ఇది ఆపకుండా కొత్త సీలు వేసినా లాభం లేదు.

డ్రైన్ ప్లగ్‌కు అంటుకున్న మడ్డిని వేళ్ల మధ్య రుద్ది చూడు. మెత్తటి నల్ల మడ్డి అయితే పాత బండికి ఉండేదే. ఇసుకలా గరగరలాడినా, మెరిసే ఇనుప ముక్కలు కనిపించినా లోపల ఏదో గట్టిగా అరుగుతోందన్నమాట. అప్పుడు హౌసింగ్ పై కవర్ ఎట్లాగూ విప్పాలి. నూనె లాగే చోట ఉన్న జాలీ కూడా శుభ్రం చేయించు. అది మడ్డితో పూడితే పంపుకు నూనె చాలక కూస్తుంది, బరువు లేపడానికి రేసు అడుగుతుంది. నువ్వు చెప్పిన మధ్యాహ్నం రేసు సంగతికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. డిప్‌స్టిక్ మీద నురుగు కనిపిస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదంటే మట్టం తక్కువ.

కొంతమంది లోపల డీజిల్ పోసి ఇంజిన్ నడిపి, లిఫ్టు లేపి దించి కడుగుతారు. అది వద్దు. డీజిల్‌కు నూనె జిడ్డు ఉండదు, బరువు మీద పంపును పొడిగా నడిపినంత పని అవుతుంది.

నాన్నగారి 140 ఆయిల్ సంగతి. చిక్కటి ఆయిల్ పోస్తే లీకు దారిలో నెమ్మదిగా జారుతుంది కాబట్టి కొన్నాళ్లు లిఫ్టు నిలిచినట్టే కనిపిస్తుంది. ఆయన అనుభవంలో పని చేసే ఉంటుంది, ఆయన్ని తప్పు పట్టను. కానీ అదే ఆయిల్ తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు జాలీ గుండా పంపు తేలిగ్గా లాగలేనంత చిక్కబడుతుంది. పంపు ఆకలితో తిరుగుతుంది, అరుగుతుంది. ఈరోజు పోని పంపు అట్లా పోతుంది. బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోయించు. పుస్తకం లేకపోతే నెల్లూరులో కంపెనీ డీలర్ దగ్గర మోడల్ చెప్పి అడుగు. ఇంజిన్ ఆయిల్ మిగిలిందని అందులో కలపడం, రెండు మూడు రకాలు కలిపి పోయడం చెయ్యొద్దు.

ఆయిల్ బాగుందనుకుని ముందుకు పోదాం. సీటు వెనక, టాప్ లింకు (పనిముట్టును పైనుంచి పట్టే రాడ్డు) తగిలే బ్రాకెట్ ఉంటుంది కదా, ఏదీ తగిలించకుండా ఆ బ్రాకెట్‌ను రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా లాగి చూడు. దాని వెనకే లోపల పెద్ద స్ప్రింగు ఉంటుంది. గొర్రు ఎంత బరువుగా లాగుతోందో ఈ స్ప్రింగు ద్వారానే లిఫ్టుకు తెలుస్తుంది, లోతు సర్దుకుంటుంది. ఒంగోలు వైపు నల్లరేగడి దున్నేవాళ్లకు దీని విలువ బాగా తెలుసు. ఆ బ్రాకెట్ టకటకమని కదిలితే స్ప్రింగు దగ్గర వదులు వచ్చింది. ఆ వదులు కూడా లిఫ్టును ఊపుతుంది, ముఖ్యంగా దున్నేటప్పుడు. దాన్ని బిగించడం సులువు, కానీ ఎంత బిగించాలో తెలిసిన మనిషే బిగించాలి. నీ సంగతిలో బండి ఆపినా దిగుతోంది కాబట్టి ఇది అసలు రోగం కాదు. అయినా చూడు, రెండు రోగాలు కలిసి ఉండకూడదని ఏమీ లేదు.

అసలు పరీక్ష ఇప్పుడు. వెనక హౌసింగ్‌కు పక్కన, డిప్‌స్టిక్ ఉన్న వైపు, బోల్టులతో బిగించిన మూత ఉంటుంది. ఆయిల్ మట్టం మూత అంచు కంటే పైన ఉంటే కొంత శుభ్రమైన డబ్బాలోకి దించుకో. ఆ రోజే మధ్యాహ్నం దాకా దమ్ములో నడిపి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి, చల్లారితే లీకు దొరకదు. రోటావేటర్ తగిలించి పైకి లేపి, ఇంజిన్ ఆపు. తాళం చెవి జేబులో వేసుకో. రోటావేటర్ వెనకా పక్కనా ఎవరూ నిలబడొద్దు. లింకులు దిగే దారిలో నీ చెయ్యి గానీ కాలు గానీ ఉండకూడదు, రోటావేటర్ ఎట్లాగూ దిగుతుంది. ఇప్పుడు మూత తీసి టార్చి వేసి లోపలికి చూడు. మూత పూర్తిగా తీసేదాకా రోటావేటర్ నేలకు ఆనేస్తే, ముందే మూత తీసి పెట్టుకుని ఒకరు లేపి ఆపేస్తే ఇంకొకరు చూడాల్సి ఉంటుంది. ఇంజిన్ తిరిగినంతసేపు ఆ కన్నం దగ్గరికి కండువా, చొక్కా చేతులు, వేళ్లు ఏవీ పోకూడదు. లోపల తిరిగే షాఫ్టు ఉంది.

నూనె ఎక్కడినుంచి కారుతోందో కళ్లతో కనిపిస్తుంది. పై కవర్‌కు అడుగున బిగించిన సిలిండర్ తెరిచిన నోటి నుంచి, అంటే పిస్టన్ చుట్టూ, కారుతుంటే సీలు పోయింది, లేదా సిలిండర్ గోడకు గీతలు పడ్డాయి. పంపు నుంచి పైకి వెళ్లే నిలువు గొట్టం పై కొస గానీ కింది కొస గానీ తడిగా చిమ్ముతుంటే దాని ఓరింగులు. ఇది మరీ చవక రోగం, ఇదే అయితే నీ అదృష్టం. ఈ రెండూ పొడిగా ఉండి, కింద పంపు దగ్గర నుంచే నూనె వస్తుంటే అప్పుడు మేస్త్రీ చెప్పిందే నిజం. వాల్వు గానీ పంపు తలకాయ గానీ చూడాల్సిందే. సన్నటి ధారగా జోరుగా చిమ్మే నూనెను మాత్రం వేలితో తడిమి చూడొద్దు. లిఫ్టు బరువు మీద ఆ ఒత్తిడి చర్మంలోకి దిగేంత ఉంటుంది. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడు. పొరపాటున చర్మంలోకి పోతే కట్టు కట్టుకుని ఊరుకోవద్దు, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

పంపు బలం కూడా ఒకసారి కొలుచుకుంటే మేస్త్రీతో మాట్లాడటానికి నీ చేతిలో లెక్క ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రోటావేటర్‌ని పూర్తిగా దించి, ఒకే రేసులో పెట్టి పైదాకా లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడు. మధ్యాహ్నం అదే రేసులో మళ్లీ చూడు. కాస్త తేడా ఉంటుంది, ఆయిల్ పలచబడుతుంది కాబట్టి. ఎండాకాలం మన నెల్లూరు ఎండలకు ఇంకా ఎక్కువ తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. రెట్టింపు సమయం పడితే, లేదా తక్కువ రేసులో అసలు కదలకపోతే పంపు మీద అనుమానపడొచ్చు. ప్రెషర్ గేజి ఉన్న షెడ్డు దొరికితే అది పెట్టించుకో, వాదన అక్కడే తేలిపోతుంది.

లోపల విప్పే పని నువ్వు పెట్టుకోకు. సీటు, లీవర్లు, లింకులు తీసి, సిలిండర్‌తో సహా ఆ పై కవర్‌ని చైన్ పుల్లీతో లేపాలి. చేతులతో ఇద్దరు ముగ్గురు కలిసి లేపి పక్కకు తప్పించడం నేను చూశాను, చూస్తుంటేనే టెన్షన్. మళ్లీ కూర్చోబెట్టేటప్పుడు లోపలి నిలువు లీవరు వాల్వు లింకులో తన చోట పడాలి. తప్పితే లిఫ్టు లేవదు, లేదా లేచింది దిగదు. మాసీ మీద చెయ్యి తిరిగిన మేస్త్రీ చేతే చేయించు. పక్క మూత తీసి ఉంచి, లీవరు సరిగ్గా పడిందో లేదో అతనే టార్చి వేసి నీకు చూపించాలి. అడుగు, మొహమాటపడకు.

పై కవర్ లేపించిన తర్వాత ఒక్క సీలు మాత్రం మార్చి మూసెయ్యొద్దు. పిస్టన్ సీలు, నిలువు గొట్టం ఓరింగులు, కవర్ గ్యాస్కెట్ అన్నీ ఒకేసారి మార్పించు. సిలిండర్ లోపలి గోడను గుడ్డతో తుడిచి గోరు ఆనించి చుట్టూ అడ్డంగా లాగు. గోరు ఎక్కడైనా తగిలి ఆగితే గీత పడింది, కొత్త సీలు వేసినా కొన్ని నెలలే. అప్పుడు సిలిండర్ కూడా మార్చాలి. దాని ధర విన్నాక ఎట్లా చేయాలో నువ్వూ నాన్నా కలిసి తేల్చుకోండి.

లిఫ్టు చేతుల్లో ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా ఉంటే అది నూనె సంగతి కాదు, లింకు రాడ్డు మర తిప్పి సర్దుకునే సంగతి. చేతులు షాఫ్టు మీద కదులుతుంటే పళ్లు అరిగాయి. వాటి కోసం పంపును తిట్టొద్దు.

ట్రాలీ జాకీ గురించి అడిగావు. జాకీకి నూనె ఇచ్చేది కూడా ఇదే పంపు, ఇదే ఆయిల్. జాకీ ట్రాలీని మామూలుగా లేపి నిలబెట్టి, లిఫ్టు మాత్రమే దిగిపోతుంటే తప్పు సిలిండర్ వైపు ఉందనడానికి అది ఇంకో సాక్ష్యం. ఇది కూడా ఒకసారి చూడు, ఖాళీ ట్రాలీతో కాదు, సగం మట్టి వేసి. దాని కిందకూ ఎవరినీ పోనివ్వకు. జాకీ పైపు కొసలు విప్పి పెట్టినప్పుడు వాటికి గుడ్డ చుట్టి ఉంచకు, మూతలు పెట్టు. గుడ్డ పోగులు, దుమ్ము అటు నుంచే లోపలికి పోతాయి.

రాత్రంతా ఆపి ఉంచితే లిఫ్టు దిగడం మాత్రం పాత బండికి మామూలే. దానికి కంగారు పడాల్సిన పని లేదు. అసలు రాత్రి లేపి ఉంచకూడదు, దించి పెట్టాలి.

దమ్ము ముమ్మరంగా ఉన్నప్పుడు బండి షెడ్డులో పెట్టడం కష్టమని నాకు తెలుసు. ఆయిల్ బాగుండి, లీకు ఓరింగు దగ్గరో సీలు దగ్గరో అని తేలితే ఈ నాలుగు రోజులు పొద్దున పూట రోటావేటర్ వేసి, ఎండ ముదిరాక గొర్రుకు మారి, దమ్ము అయిపోగానే విప్పించు. ఆయిల్‌లో నీళ్లు గానీ ఇనుప ముక్కలు గానీ కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా నడపకు. షెడ్డులో విప్పించేటప్పుడు దగ్గర ఉండి, తీసిన పాత సీలు, ఓరింగులు నీ సంచిలో వేసుకో. ఆటోనగర్‌లో కొత్తవి కొనేటప్పుడు వాటి పక్కనే పెట్టి మందం, చుట్టుకొలత సరిచూసుకునే డబ్బులివ్వు.